వాగు దాటని ఖబర్

నల్లగొండ,
12-10-1964.

చి.ల.సౌ. కౌసల్యకు మీ ఆయన లచ్చయ్య ఆశీర్వదించి రాయునది. ఇక్కడ నేను క్షేమం. నారాయణపేటలో నువ్వు, అత్తమ్మ, మామ క్షేమమని తలుస్తాను.

నీ ఉత్తరం శుక్రవారం అందింది. అత్తమ్మకు దగ్గు తగ్గిందంటే మనసు కుదుటపడింది. ఇంటి పెంకులు సర్దించాను. వంటింట్లో ఒక మూల ఇంకా కారుతోంది, గిన్నె పెట్టాను. నా రేడియో రిపేరు దుకాణం వారంగా మూసే ఉంది. మగ్గం ఖాళీగా ఉందని, నాయినకు చూపు మందగించి పోగు ఆనడం లేదని, తమ్ముణ్ని ఎప్పుడు పంపుతావని ఒక్క ఉత్తరంలో మూడుసార్లు అడిగావు. దానికి జవాబు రాయబోయి మూడు కాగితాలు చింపాను. ఇది నాలుగోది.

నా పిచ్చి నీకు తెలిసిందే. ఆ రేడియో సెట్టును నా సవతి అంటావు కదా. సర్కారు లైసెన్సు ఉన్న నాలాంటివాళ్లం సొంతంగా సెట్లు కట్టుకుని గాలిలో ఒకరినొకరు పిలుచుకుంటాం. ఏడాదికోసారి శని, ఆదివారాలు సెట్టును ఆరుబయటికి మోసుకెళ్లి, బ్యాటరీల మీద ఎవరు ఎక్కువ మందిని పలకరిస్తారో చూసుకుంటాం. ఈసారి దేవరకొండ అవతల ఒక గుట్ట ఎక్కాను. మీ తమ్ముడు జంగయ్య తోడొచ్చాడు. రెండు వెదురు గడలు పాతి తీగ కట్టాం. బ్యాటరీలు రెండు. రెండోది ఆపదకని పక్కన పెట్టాలి, ముట్టుకోకూడదు. అది మా వాళ్ల నియమం.

శనివారం మధ్యాహ్నమే వాన పట్టుకుంది. గుట్ట చుట్టూ తిరిగే వాగు పొంగింది. గొర్ల కాపరి కాటమయ్య కూడా మందతో మా పక్కనే చిక్కుకున్నాడు. గుడారంలో మోకాళ్లు ముడుచుకుని కూర్చున్నాం. తలెత్తితే తడిగుడ్డ ముఖానికి తగిలేది. మెరుపు దగ్గరైనప్పుడల్లా తీగ ఊడదీసి నేలకు తగిలించడం, తగ్గగానే మళ్లీ పిలవడం, ఇదే పని. ఆదివారం పొద్దునకు మొదటి బ్యాటరీ అయిపోయింది. సరిగ్గా అప్పుడే సిలోను వాడొకడు సన్నగా వినిపించాడు. పాడు ఆశ. రెండో బ్యాటరీ తగిలించాను. మధ్యాహ్నానికి దాన్నీ తాగేశాను.

ఆ సమయంలోనే గాలికి గడ ఊగుతుంటే జంగయ్య పట్టుకోబోయాడు. నానిన మట్టిలోంచి బండ దొర్లి వాడి కుడి పాదం మీద పడింది. నేనూ కాటమయ్యా దాన్ని పక్కకు నెట్టేసరికి పాదం నుజ్జయిపోయింది.

సెట్టు ముందుకు ఉరికాను. వినడానికి కాస్త కరెంటు చాలు, పంపడానికి చాలా కావాలి; బ్యాటరీలో మిగిలింది వినడానికే. మద్రాసులో ఒకాయన అక్కడ ఎండ బాగుందని ఎవరితోనో నవ్వుతూ చెబుతున్నాడు. ఆయన దగ్గు కూడా వినిపించింది. నేను ఎంత అరిచినా నా గొంతు గుట్ట దాటలేదు.

“బావా, ఖబర్ పోయిందా?” అన్నాడు జంగయ్య.

కాటమయ్య గొంగడి విదిలించి లేచాడు. “పైదిక్కు వాగు జర సన్నగుంది. గిప్పుడైతె దాటుత. ఊర్లె నలుగుర్ని పిలుచుకొస్త. ఇంక పెరిగితె నాతోని గాదు.”

“అక్కెరలేదు. ఖబర్ పోయింది. సర్కారు జీపు వస్తాంది” అన్నాను.

కౌసల్యా, ఇన్నాళ్లూ నీకు దాచింది ఇదే. వాడి ముఖం చూసి ధైర్యం చెప్పాలనుకున్నాను. అది సగం. మిగతా సగం నా గొప్ప. నా సెట్టు ఖండాలు దాటుతుందని నెలల తరబడి వాడి ముందు కోతలు కోశాను. నా చేత్తో బ్యాటరీ తగలేశానని ఒప్పుకోలేకపోయాను. కాటమయ్య నన్ను నమ్మి కూర్చున్నాడు. గంటకు నిజం చెప్పేద్దామని లేచి చూస్తే పైదిక్కున కూడా వాగు చెట్ల నడుముల దాకా ఉంది. ఇక చెప్పి ఏం లాభం అనుకున్నాను.

సోమవారం మధ్యాహ్నం నీళ్లు తీశాక వాణ్ని గొంగట్లో వేసి మోసుకొచ్చాం. దవాఖానలో చీలమండ పైదాకా తీసేశారు. నిన్ననే తెస్తే దక్కేదేమో అన్నాడు డాక్టరు. ప్రాణానికి భయం లేదు. కానీ మగ్గం తొక్కడానికి రెండు పాదాలూ కావాలి, అది నీకు నేను చెప్పాలా? నీ ప్రశ్నకు నా జవాబు ఇదే.

వార్డులో వచ్చినవాళ్లందరికీ వాడు నన్ను చూపిస్తాడు. “గీయనే మా బావ. గాలిల ఖబర్ పంపిండు. జీపు వాగు కాడ ఆగినట్టుంది గని, ఆయన తప్పేం లేదు” అంటాడు. “అక్కకు రాయి బావా, నీ రేడియోనే నన్ను బతికించిందని” అంటాడు. నేను తల దించుకుంటే పొగడ్తకు సిగ్గనుకుంటున్నారు. ఆ మంచం పక్క నుంచి లేవలేను, కూర్చోలేను. ఎనిమిది రోజులుగా ఇదే తంతు కౌసల్యా.

ఈ ఉత్తరం ముందు వాడికి చదివి వినిపిస్తాను. ఆ తర్వాతే డబ్బాలో వేస్తాను.

సాయంత్రం నాలుగు గంటలు.

చదివాను. వాడు గోడ దిక్కు తిరిగాడు. “కాటమయ్యకు ఎరుకేనా?” అన్నాడు.

లేదన్నాను.

“నిన్న నువ్వు చాయకు పోయినప్పుడు వచ్చిండు. వాగు దాటకపోతినని నా కాడ కూసోని ఏడ్చిండు. నాతోని తర్వాత మాట్లాడుదువు. ముందుగాల పోయి ఆయనకు చెప్పు.”

రేపు మొదటి బస్సుకు పోతున్నాను. ఈ ఉత్తరం అందగానే నువ్వు బయలుదేరి రా. వాడి పక్కన కూర్చోవడానికి మనిషి కావాలి.

ఇట్లు,
జంగయ్య బావ, నీ పెనిమిటి
లచ్చయ్య