నా చెయ్యి తగిలిన హల్వా

తమ్ముడు లక్ష్మీనరసింహానికి,

నువ్వు కృతజ్ఞతగా పంపిన మాడుగుల హల్వా అందింది.

"పెదతాత ఇంట్లో ఏటీ తినకండర్రా, ఆయన ఒళ్ళంతా విషమే" అని పదేళ్ళుగా పిల్లలకు నూరిపోశావు. మొన్న నీ మనవరాలు ప్రజ్ఞ నమిలిన పచ్చగన్నేరు పప్పు మాత్రం నీ పెరటి చెట్టుదే. అది ప్రాణాలు తీస్తుందని నువ్వు వెక్కిరించే నా మూలికల పుస్తకాల్లోనే చదివాను. మన రెండిళ్ళ మధ్య గోడ మీంచి చూసి, పిల్లను ఎత్తుకుని ఆటోలో ఆసుపత్రికి పరుగెత్తాను. దారిలో అది వాంతి చేసుకుంటూ ఏమందో తెలుసా?

"తాతా, నిన్ను ముట్టుకున్నాను కదా, సచ్చిపోతానేటి?"

గన్నేరుకు డాక్టరు మందిచ్చాడు. ఈ భయానికి మందు నీ దగ్గరే ఉంది.

హల్వా తిప్పి పంపుతున్నాను. పొట్లం విప్పి ఒక ముక్క నేను తిన్నాను. మిగతాది, పెదతాత చెయ్యి తగిలిందని చెప్పి, ప్రజ్ఞ ఎదుట ముందు నువ్వు తిను.

నీ అన్న
చోడవరం