డ్రోను పొట్టకింద చిలక

చిన్నారీ, నేను బాగానే ఉన్నాను. క్రేను నడిపేటప్పుడు ఎండ దంచేస్తోంది తప్ప బెంగపడాల్సిందేమీ లేదు.

సెలవురోజు ఇక్కడి మేడ మీద, వెంట తెచ్చుకున్న మన డ్రోను ఎగరేశాను. ఫోనులో ముందుకు పొమ్మంటే అది నిద్రలో నడుస్తున్నట్టు నీళ్ల ట్యాంకు పైన మెల్లగా గుండ్రంగా తిరిగింది. నేనూ మబ్బుల కింద దాన్నే చూస్తూ ఉండిపోయాను. బట్టలారేస్తున్న పక్కింటి పెద్దావిడ, "అమ్మాయ్, నీ తూనీగకి కళ్లు తిరుగుతున్నట్టున్నాయే!" అంది. ఫోనేమో దిక్సూచి సరిగా లేదని ఒకటే గోల. కిందికి దించి తిరగేస్తే, పొట్టకింద మన ఫ్రిజ్ మీది అయస్కాంతం చిలక! నాకు తోడుంటుందని నువ్వే అంటించావు కదూ, దొంగా! అయస్కాంతం పక్కనుంటే పాపం దిక్సూచికి ఉత్తరమేదో ఏం తెలుస్తుంది? తీసేయగానే డ్రోను నేరుగా పోయింది.

కుట్టుమిషను సొరుగులో డ్రోను రెక్కలు ఇంకో జత ఉన్నాయి, నాన్నచేత పంపించు. వంటింటి కుళాయి కారడం ఆగిందా? నానమ్మ మందులు వేసుకుంటోందా? ఆవిడకు నా నమస్కారాలు చెప్పు.

చిలకను నా ఇనుప మంచం తలాపున అంటించుకున్నాను. అప్పట్నుంచీ ఎటు తిరిగి పడుకున్నా మనసు మనింటి వైపే లాగుతోంది. దీన్ని మాత్రం బాగుచేసుకోను.

చల్లగా ఉండు తల్లీ.

అమ్మ