మువ్వ మోగే చోటు

ధర్మవరం,
12 ఏప్రిల్ 2004

అక్కా,

నువ్వూ బావా పిల్లలూ కళ్యాణదుర్గంలో కులాసాగా ఉన్నారనుకుంటున్నాను. ఫోను హాల్లో, ఆయన కూర్చునే కుర్చీ పక్కనే ఉంది. ఈ సంగతులు ఆయన ముందు మాట్లాడలేక రాస్తున్నాను. బావకు మాత్రం చెప్పొద్దు.

మీ మరిదికి పాటల పిచ్చి అని నీకు తెలుసు కదా. పొద్దంతా మరమగ్గాల షెడ్డులో, ఆ చెవులు గింగురుమనే మోతలో ఉండి వచ్చి, సెట్టు ముందు కాసేపు కూర్చుంటే గానీ ఆయనకు అన్నం సహించదు. పెళ్ళయిన కొత్తలో నన్నూ ఎదురుగా కూర్చోబెట్టుకునేవాడు. ఒక వీణ సీడీ ఉంది. అందులో ఒకచోట వీణ తగ్గుతుండగా వెనకాల ఎక్కడో చిన్న మువ్వ ఒక్కసారి మోగుతుంది. "ఇదో, ఇప్పుడు! వినబన్యాదా?" అని వేలెత్తి చూపించేవాడు. నాకు చాలా రోజులు వినబడలేదు. వినబడిన నాడు ఆయన సంతోషం చూడాలి! పాప పుట్టినప్పుడు కూడా అంత పొంగిపోలేదు. ఇప్పటికీ నేను చెనక్కాయలు ఒలుచుకుంటూ ఆయన ఎదురుగానే కూర్చుంటాను.

ఏడాదిగా ఆయన ఒకటే పాట. సెట్టు మొద్దుబారిందట, మువ్వ పోయిందట. స్పీకర్లు మార్చాడు. స్టెబిలైజర్ మార్చాడు. ఇప్పుడు బెంగుళూరు స్నేహితుడు సురేంద్ర మాట విని కరెంటు తీగ తెప్పించాడు. గోడ ప్లగ్గు నుంచి సెట్టుకు పోయే తీగ అక్కా, అంతే! బొటనవేలంత లావు, పైన నల్లటి వల తొడుగు. దాని ధర పెట్టి నీకూ నాకూ చెరొక పట్టుచీర తీసుకోవచ్చు.

సురేంద్రే తెచ్చి ఇచ్చాడు. "బోరు మోటార్లు, మగ్గాలు అన్నీ కలిసి కరెంటును గలీజు చేస్తాండాయమ్మా. ఈ తీగ దాన్ని శుభ్రం చేసి పంపుతాది" అన్నాడు.

"కరెంటాఫీసు నుంచి మా ఇంటిదాకా వచ్చేది ఆ తుప్పు తీగే కదన్నా. ఈ చివర ఇంత మారిస్తే ఏమొస్తాది?" అన్నాను.

మీ మరిది గయ్యిమన్నాడు. "ట్యాంకరు నీళ్ళు యాన్నుంచో వస్తాయి. చివర్లో బిందెకు గుడ్డ కట్టి వడపోస్తాండావు కదా? ఇదీ అంతే!"

గుడ్డలో అయితే మట్టి కనబడుతుంది. ఇందులో ఏం కనబడుతుంది?

తీగ పెట్టిన రోజు సరిగ్గా మువ్వ దగ్గర వేలెత్తి, "వచ్చె చూడు!" అన్నాడు. నాకైతే అది ఎన్నడూ పోనేలేదు. పాత తీగతోనూ కొత్త తీగతోనూ ఒక్కలాగే వినబడింది.

నా దిగులు డబ్బు గురించి కాదక్కా. రెండు తీగలకు తేడా కనిపెట్టే మనిషి, వెనకనుంచి పాప "నాయనా, నాయనా" అని పిలిస్తే తిరిగి చూడడు. నేను వంటింట్లోంచి పిలిస్తే పలకడు. మా అత్త "మొగోళ్ళంతే లేమ్మా" అంటుంది. ఆయనకు మా మీద మనసు విరిగిందేమోనని భయంగా ఉంది.

నీ చెల్లెలు
పద్మజ

ధర్మవరం,
30 ఏప్రిల్ 2004

అక్కా,

ఈ జాబు వెనకే నేనూ వస్తున్నాను. పాపను తీసుకుని ఆదివారం బస్సెక్కుతున్నాను.

మొన్న పాప నీళ్ళ డ్రమ్ము ఎక్కబోయి పడింది. గుక్కపట్టి ఏడ్చింది. మిద్దె మీద బట్టలు ఆరేస్తున్న నేను పరుగెత్తుకొచ్చాను. ఆయన అక్కడే, పిల్లకు వీపు పెట్టి, పేపరు చదువుతూ కూర్చున్నాడు. నేను పిల్లను ఎత్తుకుని ఎదురుగా పోయి నిలబడ్డాక, "ఏమయ్యిందే?" అని అడిగాడు. నా ఒళ్ళు మండిపోయింది.

ఆ కోపంలోనే ఆయన షెడ్డుకు పోయినాక కొత్త తీగ పీకి దాచి, పాతది పెట్టాను. సాయంత్రం వచ్చి అదే సీడీ వేశాడు. నేను ఎదురుగా చెనక్కాయలు ముందేసుకుని కూర్చున్నాను. మువ్వ మోగింది. వేలెత్తి, "ఎంత తేటగా ఉండాదో చూడు పద్మా! తీగంటే అదీ!" అన్నాడు.

కొత్త తీగ తెచ్చి ఆయన ఒళ్ళో పడేశాను. "పొద్దున్నుంచి సెట్టుకుండేది పాతదే! బిడ్డ ఏడుపు వినబడని చెవులకు ఈ మువ్వ ఎట్లా వినబడ్తాదో చెప్పు!"

మొహం తెల్లగా పాలిపోయింది. తిరిగి ఒక్క మాట అనలేదు. సెట్టు ఆపి బయటికి పోయాడు. తిట్టినా బాగుండేది. ఆ మౌనం చూస్తే, నేను అనుకున్నదే నిజమని తెలిసిపోయింది. ఆయనకు మేము అక్కర్లేదు.

పద్మజ

ధర్మవరం,
14 మే 2004

పద్మా,

నువ్వు కళ్యాణదుర్గం నుంచి రెండుసార్లు ఫోను చేశావని అమ్మ చెప్పింది. నేను మాట్లాడకపోతే కోపమనుకుని ఉంటావు. కోపం కాదు. ఫోనులో నీ మొహం కనబడదు.

ఆ రోజు అడిగావు కదా, మువ్వ ఎట్లా వినబడుతుందని. వినబడదు. ఏడాది దాటింది. కొత్త తీగతోనూ వినబడలేదు. ఎదురుగా కూర్చుని చెనక్కాయలు ఒలుస్తుంటావే, మువ్వ మోగే చోట నీ చెయ్యి ఒక్క క్షణం ఆగుతుంది. అది నీకే తెలియదు. నేను నీ చెయ్యి చూసి వేలెత్తుతున్నాను.

ముందు సెట్టే చెడిందని నిజంగానే నమ్మాను. తర్వాత నమ్మాలనుకున్నాను. మార్చడానికి ఇంకొక స్పీకరో తీగో ఉన్నంతకాలం నా చెవుల గురించి ఆలోచించే పని లేదు కదా! షెడ్డులో మేస్త్రీ ఆదెప్ప సంగతి నీకు తెలుసు. మగ్గాల మోతకు ముసలాయన చెవులు పోయాయి. ఎదురుగానే ఎగతాళి చేసి నవ్వుతారు. నాకూ ఆ గతే పడుతుందని భయపడ్డాను. నీక్కూడా చెప్పుకోలేకపోయాను.

పాప పడిన రోజు నాకు నిజంగా వినబడలేదు పద్మా. వినబడీ తిరగని తండ్రిననుకున్నావు. ఆ మాట పడటం కంటే చెవిటివాణ్ణనిపించుకోవడం నయం.

వదినకు జాబులు రాసేదానివట. నా పక్కన నిలబడి ఫోనులో తిట్టినా నాకు తెలిసేది కాదు, స్టాంపులు మిగిలేవి.

సోమవారం అనంతపురం చెవుల డాక్టరు దగ్గరికి పోయాను. బయట బెంచీ మీద కూర్చున్నాను. లోపల్నుంచి నర్సు ఒక్కొక్కరినీ పిలుస్తోంది. ఎవరిని పిలుస్తోందో తెలియదు. పక్కవాళ్ళను అడగడానికి నోరు రాలేదు. అందరూ అయిపోయి తలుపు మూసేదాకా కూర్చుని, లేచి వచ్చేశాను.

ఈ జాబు చూసి ఫోను చెయ్యొద్దు. రా. నాతో అనంతపురం వచ్చి, ఎదురు బెంచీ మీద కూర్చో. నా పేరు పిలిచినప్పుడు నీ మొహం చూసి లేస్తాను.

నీ
చంద్రమోహన్