వచ్చాడా, రావాలా

డిసెంబరు 23, 1962, ఆదివారం

ఇంటికొచ్చినా నవ్వు ఆగడం లేదు. విడవలూరు అవతల పల్లెలో, నేను పాఠం చెప్పే ఆడవాళ్ళ బైబిలు తరగతిలో, ఇరవై ఏళ్ళుగా నేను దాచుకున్న సందేహం ఈ రోజు బయటపడింది.

యూదులు మెస్సీయ కోసం, అంటే దేవుడు పంపే రక్షకుడి కోసం, ఇంకా ఎదురుచూస్తున్నారని, ఆయన వస్తే యుద్ధాలన్నీ ఆగిపోతాయని వాళ్ళ నమ్మకమని చెప్పాను. మనం మాత్రం ఆయన యేసుగా వచ్చేశాడని, మళ్ళీ వస్తాడని నమ్ముతామన్నాను. చేపలమ్మే ముసలి పోలమ్మ చటుక్కున అడిగింది: "వచ్చేసినాడంటివే, మరి మొన్న చైనావోళ్ళతో యుద్ధమెందుకొచ్చినాదమ్మా?"

కాలేజీ రోజుల నుంచి నన్ను తొలుస్తున్న ప్రశ్న అదే. పాఠం పుస్తకంలో జవాబుంది గానీ, అది నన్నే ఎప్పుడూ ఒప్పించలేదు. చదవబోయి మూసేశాను. "నాకు తెలీదవ్వా" అన్నాను. ఇక తరగతికి ఎవరూ రారేమో అనుకున్నాను.

పోలమ్మ తాపీగా అంది: "తెలీకపోతే ఏమైందిలే. మా పడవ వచ్చేసినా, పక్కింటోళ్ళది వచ్చిందాకా మేం ఒడ్డు వదిలి పోము. వాళ్ళతో పాటే నిలబడి చూస్తాం. ఆ యూదులొక్కళ్ళే చూస్తుండారా? మళ్ళీ వస్తాడని మనం గూడా చూస్తుండాం గదా!"

నా ప్రశ్నకు అది జవాబు కాదు. అయినా మనసెందుకు ఇంత తేలికపడిందో!

బస్సెక్కుతుంటే వెనక నుంచి పోలమ్మ కేక: "అమ్మా, వచ్చేవారం గూడా నీకు తెలియందే చెప్పు. అదే బాగుండాది!"

అందరూ పగలబడి నవ్వారు, నేనూ నవ్వాను. తెలియనివాటికేం, నా దగ్గర కొల్లలు. ముందు ఏది చెప్పాలో...