ఎనిమిది గంటల రేడియో పాఠం ఆపవద్దని ఒక ఆటో విద్యార్థి మనవి

శ్రీయుత సంచాలకుల వారికి,
దూరవిద్యా రేడియో కేంద్రం, హైదరాబాదు.

అయ్యా,

విషయం: ఉదయం ఎనిమిది గంటల డిగ్రీ పాఠాన్ని రేడియోలో ఆపి యాప్‌లో పెట్టు నిర్ణయమును రద్దు చేయుట గురించి.

నానక్‌రామ్‌గూడ వాసినైన ఐలయ్య అను నేను నల్లగండ్ల మార్గంలో షేర్ ఆటో నడుపుచున్నాను. నా భార్య రుక్కమ్మ మాదాపూర్‌లో ఒక లేడీస్ హాస్టల్‌లో వంట చేయుచున్నది. ఇద్దరమూ దూరవిద్యలో బి.ఏ. మొదటి సంవత్సరం. వచ్చే నెలలో పరీక్షలు. ఈలోగా పాఠం ఆగినచో ఇద్దరమూ పరీక్ష తప్పుట ఖాయమని సవినయంగా మనవి.

1. వినేవారు లేరని తమ ప్రకటనలో సెలవిచ్చారు. ఇది వాస్తవ విరుద్ధం. రేడియోలో పాఠం చెప్పే రామచంద్రం మాస్టారు ప్రశ్న అడిగి, "ఆలోచించండి" అని కాసేపు ఊరుకుంటారు కదా, అప్పుడు నా ఆటో అంతా ఆలోచిస్తుంది. మొన్న "గిరాకీ పెరిగితే ధర ఏమవుతుంది?" అని వారు అడగ్గా, రోహిణి అనే సాఫ్ట్‌వేర్ అమ్మాయి "వాన పడ్డ రోజు మా ఐలయ్యన్నను అడగండి సార్" అన్నది. ఆటోలో అందరూ నవ్వారు. నేనూ సిగ్గుపడుతూనే నవ్వితిని. ఆఫీసు వచ్చినా ఆ అమ్మాయి దిగదు. "జర ఆగన్నా, సారును జవాబు చెప్పనీ" అంటుంది.

2. హాస్టల్‌లో పరిస్థితి ఇంతకన్నా తీవ్రం. రుక్కమ్మ పొయ్యి పక్కన రేడియో పెట్టి, జవాబు చెప్పినవారికే రెండో గరిటె చట్నీ వేయుచున్నది. కోడింగ్ చేసుకునే పిల్లలు ఉప్మా ప్లేట్లు పట్టుకుని ద్రవ్యోల్బణం బట్టీ పడుతున్నారు.

3. ఒకనాడు జవాబు తెలిసిన సంతోషంలో, ఆటో నడుపుతూనే బడిలో వలె చేయి బయటికెత్తితిని. వెనక కారు ఆగింది. దాని వెనకవీ ఆగాయి. ట్రాఫిక్ పోలీసాయన వచ్చి "ఎటు మలుపుతున్నవ్?" అని అడిగారు. "ఎటూ లేదు సార్, జవాబు చెప్తున్న" అన్నాను. ఆయన రేడియో వైపు చూసి, "కరెక్టేనా మరి?" అన్నారు. కరెక్టేనని తమకు తెలియజేయుచున్నాను.

4. యాప్‌లో ఎప్పుడైనా వినవచ్చునని తమ సూచన. ఎప్పుడైనా చేద్దామనుకున్న పని ఎప్పటికీ కాదని తమకు తెలియనిది కాదు. నా ఆటో అద్దం పగిలి ఏడాదైనది.

కావున తమరు దయతో చిత్తగించి, పాఠాన్ని రేడియోలోనే, ఎనిమిది గంటలకే ఉంచవలెను.

తమ విధేయుడు, విద్యార్థి కూడా,
ఐలయ్య

తా.క.: సారూ, నేను రుక్కమ్మను. నా సంతకానికని ఈ కాయితం టిఫిన్ డబ్బా కింద పెట్టి పోయిండు. అసలు ముచ్చట రాయనే లేదు. నేను తెల్లారకముందే హాస్టల్‌కు పోత. ఇంటికొచ్చేసరికి ఈయన బండి మీద ఉంటడు. ఈయనొచ్చేసరికి నాకు నిద్ర. మేమిద్దరం కలిసి కూసునేది గా ఎనిమిది గంటలకే. మాస్టారు అడిగినప్పుడు ఈయన ఆడ ఏం చెప్తుండో నాకు ఈడ ఎరుకైతది. తప్పే చెప్తడు. గరిటె పట్టుకొని ఒక్కదాన్నే నవ్వుకుంట. యాప్‌ల పెడితే, ఈయన ఎప్పుడు వింటుండో నాకెట్ల తెల్వాలె?