లిపా ఆకులకు హైలైట్స్

జూన్ 11

ఒళ్లు మండిపోతోంది. మా సెలూన్ ముందున్న లిపా చెట్టుకు చాలా రోజులుగా ఒక కాగితం అంటించి ఉంది. మా ఊళ్లో చావు కబుర్లు ఫోటోతో అచ్చేసి చెట్లకే అంటిస్తారు, కాగితం కనిపించిందంటే ఎవరో పోయారనే లెక్క. దీని మీద ఫోటో లేదు. పాపం, ఫోటో కూడా దొరకలేదేమో అనుకుని రోజూ దాటిపోయాను. వీధంతా అలాగే దాటిపోయింది. ఇవాళ పక్కింటి గింకా పిన్ని కళ్లజోడు పెట్టుకుని చదివింది. పోయింది మనిషి కాదు, పోబోతున్నది చెట్టు! ఎండిపోతోందట, మీద పడుతుందట, నెలాఖరుకు మున్సిపాలిటీ వాళ్లు కొట్టేస్తారట. కాదనేవాళ్లు 24లోగా ఆధారాలు చూపించాలట.

ఫిర్యాదు చేసింది మూడో అంతస్తు బోయాన్. చెట్టు నుంచి జిగురు కారి అతని కారు మీద పడుతుంది మరి. పైకెళ్లి నిలదీశాను. చెట్టు మీద అంత ప్రేమ పొంగిపోతుంటే నా కారు నువ్వే కడుగు స్నేజా, షాంపూలు నీ దగ్గర బోలెడు కదా అన్నాడు. తలుపు ముఖం మీదే వేశాడు.

జూన్ 13

బయాలజీ టీచర్ ఇవెలీనా హెయిర్‌కట్‌కి వచ్చింది. సంగతి చెప్పగానే సగం జుట్టుతో కుర్చీలోంచి లేచి నిలబడింది. ఆకు ఎండను ఎంత బాగా తిండిగా మార్చుకుంటోందో కొలిచే సెన్సార్ ఉందట. ప్లాన్లు నెట్‌లో ఫ్రీ, ఎవరైనా చేసుకోవచ్చట. వాళ్ల గ్రూపులో నర్సులు, డ్రైవర్లు, అందరూ మామూలు మనుషులే. ఎవరి వీధి చెట్టు వాళ్లు కొలిచి బల్గేరియా మ్యాప్‌లో పెడుతున్నారట. మన చెట్టు చుక్క కూడా పెడదామా అంది. అడగాలా!

జూన్ 15

సెన్సార్ డబ్బా తయారైంది. సబ్బుపెట్టెంత ఉంది. ఇవెలీనా 3డి ప్రింటర్‌లో ప్రింట్ చేసింది, నేను వైర్లు అతికించాను, వేలు కాల్చుకున్నాను. ఆకుకు క్లిప్ పెడితే ఒక్క మెరుపు మెరిసి అంకె చూపిస్తుంది. ఆరోగ్యంగా ఉంటే 0.8 దగ్గర రావాలి. కాకపోతే ముందు ఆకును ఇరవై నిమిషాలు చీకట్లో ఉంచాలట. ఫాయిల్‌కి నా దగ్గరేం తక్కువ? అందిన ఆకులన్నిటికీ, రంగు వేసేటప్పుడు జుట్టుకి చుట్టినట్టే చుట్టేశాను. గింకా పిన్ని వచ్చి, చెట్టుకి హైలైట్స్ ఏంటే, బ్లాండా అని ఒకటే నవ్వు.

0.52. 0.48. 0.55.

నాకు ఏడుపొచ్చింది.

జూన్ 16

బోయాన్ చెప్పిందే నిజమా?

జూన్ 17

దొరికింది!! పొద్దున గింకా పిన్ని లిపా పూల టీ తెచ్చింది. కొత్త పూలు. ఎక్కడివి పిన్నీ అన్నాను. ఎక్కడివేంటే, మన చెట్టువే, కొమ్మ వంచి విరిచా, ఏటా చేసేదేగా అంది. కప్పు అక్కడే పెట్టి పరుగెత్తాను. చేతికందే కొమ్మలన్నీ సగం విరిగి బెరడుతో వేలాడుతున్నాయి. చలికాలానికి టీ కావాలని వీధి మొత్తం విరిచింది. నేనూ ఒక సంచీ నింపాను. మేం కొలిచింది చెట్టుని కాదు, మా చేతివాటాన్ని.

పైకొమ్మలు కొలవాలి. అవి అందేది ఒక్క బాల్కనీ నుంచే. బోయాన్‌ది.

జూన్ 18

గింకా పిన్ని చీజ్ పెట్టి కాల్చిన వేడి బానిత్సా పట్టుకుని పైకెళ్లింది. బానిత్సా లోపలికెళ్లింది. పిన్ని వెళ్లలేదు.

జూన్ 20

అతని కారు కడిగాను. నా దగ్గరున్న ఖరీదైన షాంపూతో, ఆ తర్వాత కండిషనర్‌తో. వీధంతా కిటికీల్లోకి వచ్చింది. బోయాన్ దిగొచ్చి కారు చుట్టూ తిరిగి, ఎడమ అద్దం వదిలేశావు అన్నాడు. తుడిచాను. సరే రండి, ఆ డబ్బా ఏదో పట్టుకురండి అన్నాడు!

ఇవెలీనా, నేను వెళ్లి ఫాయిల్ చుట్టాం. ఆగలేక అతనే మూడుసార్లు టైం అడిగాడు. క్లిప్ నేను పెడతానని లాక్కున్నాడు. 0.81. మీ డబ్బా పాడైంది అన్నాడు. ఇంకో ఆకు. 0.79. ఇంకోటి. 0.82. అప్పుడు బాల్కనీలోంచి వంగి, గింకా, చెట్టు బతికే ఉంది, నా వైపు ఆకులే బెస్ట్ అని అరిచాడు. ఫిర్యాదు చేసిన మనిషి! నేను ఇవెలీనాని పట్టుకుని గంతులేశాను.

జూన్ 24

మున్సిపాలిటీకి ముగ్గురం వెళ్లాం. కాదు, నలుగురం. నాకంటే ఎక్కువ మాట్లాడింది బోయానే.

జూన్ 27

రంపం వచ్చింది. మేం విరిచిన కొమ్మలు మాత్రమే కోసి వెళ్లిపోయింది. గింకా పిన్ని పూల కోసం సంచీతో కిందే ఉంది.

జూన్ 30

చెట్టుకు కొత్త కాగితం. చావు కబురుకి ఉండే నల్ల అంచు. ఈసారి ఫోటో ఉంది, జిగురు కారిన కారుది. మా కారు మెరుపు ఇక లేదని తెలియజేయడానికి చింతిస్తున్నాం, ఇట్లు బోయాన్.

ఆగి మొత్తం చదివాను.