నీళ్ళుండగా ఆరబెట్టిన పొలాలు

జనవరి 19, ఆదివారం

చర్చి ఎగ్గొట్టి బళ్ళారి నుంచి కురుగోడు వైపు వెళ్ళాను. దేవుడు యాడికీ పోడులే, మీరే ఆదివారం వస్తే యాడికో ఒకాడికి పోతాండారు అని గ్లోరియా గేటు దగ్గర సాగనంపింది. ఇరవై ఆరేళ్ళుగా రిపోర్టరు పెళ్ళాం. తిట్టు కూడా హెడ్డింగులాగే ఉంటుంది.

కాలువ చివరి క్యాంపు. గుంటూరు వైపు నుంచి వచ్చి స్థిరపడిన నలభై ఒక్క కుటుంబాలు. అందరిదీ వరే. నీళ్ళు నిలిచిన వరిమడి మీథేన్ వదులుతుంది. మధ్యమధ్యలో ఆరబెడితే అది తగ్గుతుంది. ఆ తగ్గినదాన్ని ఒక కంపెనీ టన్నుల్లో కొలిచి, విమానాల్లో తిరిగేవాళ్ళకు అమ్ముతుంది. వాళ్ళు గాల్లో వదిలింది ఇక్కడ చెల్లయినట్టు లెక్క. రైతుకు ఎకరానికి కొంత ముడుతుంది. జిల్లాలో ఇలాంటిది మొదటిసారి. మంచి స్టోరీ.

ఒప్పందం కన్నడంలో ఉంది. క్యాంపు పెద్దలకు కన్నడం మాట్లాడటం వచ్చు, చదవటం రాదు. కంపెనీ ఫీల్డ్ ఆఫీసర్ రుద్రేశ్ కాగితం తీసి చదవబోతే హనుమాయమ్మ ఆపింది. నువ్వు సరుకు అమ్మేవాడివి, నీ నోటితో చదివితే నేను విననయ్యా, పేపరాయన చదవాలి అంది. డెబ్బై ఏళ్ళ మనిషి. నాలుగెకరాలు, అన్నిటికంటే చివరన. ఆమె సంతకం పెడితేనే మిగతా నలభై మందీ పెడతారు.

అరుగు మీద నిలబడి చదివాను. మూడు పేజీలు. మూడో పేజీని నాలుగు మాటల్లో చెప్పేశాను. వెలుతురు పోతోంది. ఆమె సంతకం పెడుతున్న ఫోటో కావాలి.

ఫోటో బాగా వచ్చింది.

జనవరి 26

స్టోరీ వచ్చింది. మూడు కాలమ్స్. ఒక్క విశేషణం లేదు.

మార్చి 11

క్యాంపుకు వెళ్ళాను. మడిలో చిల్లులున్న ప్లాస్టిక్ పైపు పాతారు. అందులో నీళ్ళు జానెడు దిగగానే ఫోటో తీసి పంపాలి, తర్వాత మళ్ళీ నీళ్ళు పెట్టుకోవాలి. పద్ధతి అది. నీళ్ళు దిగాయి. మళ్ళీ పెట్టుకోవటానికి కాలువలో లేవు. నేటికి ఇరవై మూడు రోజులు. చివరి పొలాలకు నీళ్ళందటం లేదని వీళ్ళు పదకొండేళ్ళుగా అర్జీలు పెడుతున్నారు. ఆ సంగతి నేనే మూడుసార్లు రాశాను.

రుద్రేశ్ పైపులోకి టార్చి వేసి చూశాడు. భలే ఆరిండాది సార్, నంబర్ వన్ ప్లాటు ఇది అన్నాడు. ఆరబెట్టింది నేను కాదురా అబ్బాయ్, కాలువ పైనున్నోళ్ళు, ఆ డబ్బేదో వాళ్ళకే ఇచ్చి దండేసి రాపో అంది హనుమాయమ్మ. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

నోట్‌బుక్‌లో రాసుకున్నాను. వార్త రాయలేదు. నా మంచి స్టోరీని నేనే చెడగొట్టుకోవటానికి చెయ్యి రాలేదు. కారణం ఇదే, ఇంకేం కాదు.

ఏప్రిల్ 30

హనుమాయమ్మ కోతలు అయ్యాయి. ఎకరానికి పదకొండు బస్తాలు. కాలువ పైభాగంలో ముప్పై ఎనిమిది.

జూన్ 14, ఉదయం 7, శంషాబాద్ ఎయిర్‌పోర్ట్

ఢిల్లీలో వర్క్‌షాప్. ఆ స్టోరీ చూసే పిలిచారు. టికెట్ బుక్ చేసేటప్పుడు, మీ ప్రయాణం వదిలే కార్బన్‌ను చెల్లు చేసుకుంటారా అని ఒక గడి వచ్చింది. టిక్ పెట్టాను. భోజనం ఖర్చంత కూడా కాలేదు. ఇప్పుడే సర్టిఫికెట్ మెయిల్ వచ్చింది. నా సీటు వంతు నూట ముప్పై కిలోలు, చెల్లు అయిపోయాయట. ఎక్కడ? బళ్ళారి జిల్లా, వరి పొలాలు.

పక్కన కూర్చున్నాయనకు చూపించాను. ఇది మా ఊరే, ఈ వార్త నాదే అన్నాను. ఆయన చదివి ఫోన్ తిరిగిచ్చాడు. తర్వాత నేను పూర్తిగా చదివాను. కాలువ నీరు సమృద్ధిగా ఉన్నా, స్వచ్ఛందంగా పొలం ఆరబెట్టే రైతులు అని ఉంది. ఇలాంటి వాక్యం ఎక్కడో చూశాను.

ఒప్పందం మూడో పేజీలో చూశాను.

బోర్డింగ్ పిలుస్తున్నారు.

జూన్ 15

ప్రసంగం అయింది. చప్పట్లు కొట్టారు. నా వెనక తెర మీద హనుమాయమ్మ, చేతిలో పెన్నుతో, నిలువెత్తున.

జూలై 24

ఈ ఏడు కాలువ నీళ్ళు వంతుల మీద వదులుతున్నారు. ఏ తూముకు ఎన్ని రోజులో జాబితా వేశారు. క్యాంపు తూము పేరు పక్కన సున్నా. నారుమళ్ళు పోసుకుని ఉన్నారు.

కాలువ ఇంజనీరును అడిగాను. ఆయన ఫైలు నా వైపు తిప్పాడు. నలభై ఒక్క ఒప్పందాల కాపీలు. కంపెనీ ఇక్కడ కూడా దాఖలు చేసింది. మూడో పేజీలో ఎర్ర గీత. కాలువ నీరు తగినంత అందుతుండగానే నా ఇష్టపూర్వకంగా పొలం ఆరబెడుతున్నాను. కింద తెలుగులో సంతకం, హనుమాయమ్మ.

నీళ్ళు చాలు అని వాళ్ళే రాసిచ్చినారు, చాలదన్నోళ్ళకి ఇయ్యాల కదప్పా ముందు అన్నాడు. పదకొండేళ్ళ అర్జీల సంగతి ఎత్తాను. అర్జీలు పాతవి, ఇది కొత్తది అన్నాడు. వ్యంగ్యం లేదు. ఆయన వైపు నుంచి చూస్తే అది న్యాయమే. లేస్తుంటే, మీ పేపర్ కటింగ్ కూడా ఫైల్లో ఉండాది చూడండి సార్ అన్నాడు.

చూశాను. నా పేరుతో సహా ఉంది.

జూలై 25

ఎడిటర్‌కు సవరణ వేద్దామని చెప్పాను. దేనికి సవరణ, తప్పేముంది అందులో అన్నాడు. మళ్ళీ చదివాను. నలభై ఒక్క మంది సంతకం పెట్టారు. పెట్టారు. పొలాలు ఆరబెడతారు. ఆరాయి. తప్పు ఒక్కటి కూడా దొరకలేదు.

ఆగస్టు 2

హనుమాయమ్మకు చెప్పటానికి వెళ్ళాను. వంతు రాలేదని అప్పటికే తెలుసు, ఎందుకు రాలేదో తెలియదు. ఆ వాక్యం తెలుగులో చెప్పాను. ఇంకోసారి చెప్పమంది. చెప్పాను.

ఇది ఆ రోజు చదవలేదేం నాయనా, కనపడలేదా అని అడిగింది. అవునంటే సరిపోయేది. కనపడిందమ్మా, ఏదో మామూలు మాటే అనుకుని దాటేశాను అన్నాను.

నారుమడి వైపు చూసింది. ఆకు కొసలు పండిపోయి ఉన్నాయి. రుద్రేశ్ చదివుంటే అక్షరం వదిలేవాడు కాడు, వాడి మీద అనుమానంతో రెండు చెవులూ పెట్టి వినేదాన్ని, నీ మీద ఉన్న నమ్మకంతో సగమే విన్నాను అంది. తిట్టలేదు. మజ్జిగ ఇచ్చింది. తాగాను.

ఆగస్టు 5

మూడో పేజీ నేను చదివి వినిపించలేదని రాసి, సంతకం చేసి ఇంజనీరుకు ఇచ్చాను. ఆయన రెండుసార్లు చదివాడు. మీరు మంచోళ్ళే సార్, కానీ అక్కడ సంతకం మీది కాదు గదా అన్నాడు. నా కాగితం తిరిగిచ్చేశాడు.

ఇంటికొచ్చి గ్లోరియాకు అంతా చెప్పాను. ఇంత దూరం వచ్చినాక నాకు చెప్తాండారు, కాగితం తిరిగొచ్చిందని ఆమెకి ఎట్ల చెప్తారు ఇప్పుడు అంది.

ఆగస్టు 19

క్యాంపు నారు పశువులకు వదిలేశారు.

సెప్టెంబర్ 21

హనుమాయమ్మ నాలుగెకరాల్లో జొన్న విత్తారు. ఈ జిల్లాకు వచ్చిన నలభై ఏడేళ్ళలో ఆమెకు మొదటిసారి. జొన్న విత్తటం తెలిసిన కూలీ మనిషి ఉచ్చెంగమ్మ గొర్రు వెనక గింజలు వదులుతుంటే, హనుమాయమ్మ పక్కనే నడిచింది. ఎన్ని వదులుతోందో చూడటానికి వంగి, ఉచ్చెంగమ్మ పిడికిలి వైపే చూస్తూ, పొలం ఆ చివరి దాకా.